ఇంటి వద్ద రోగి పర్యవేక్షణకు బిల్లు వేస్తే, ఎవరు చూశారో కూడా రాయాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ఆస్పత్రి నుంచి డిశ్చార్జి చేసేటప్పుడు రోగికి బీపీ మిషను, పల్స్ ఆక్సీమీటరు, బరువు చూసుకునే డిజిటల్ మిషను వంటివి ఇచ్చి పంపడం, ఆ రీడింగులు ఫోను ద్వారా ఆస్పత్రికి చేరేలా ఏర్పాటు చేయడం, ఇందుకు నెలకింత అని ప్యాకేజీ రుసుము తీసుకోవడం మన హైదరాబాదు ప్రైవేటు ఆస్పత్రుల్లో క్రమంగా మామూలవుతోంది. రిమోట్ పేషెంట్ మానిటరింగ్ అని ఒకరు, హోమ్ మానిటరింగ్ అని మరొకరు పేరు పెట్టుకున్నా చేసే పని ఒక్కటే. గుండె జబ్బు, మధుమేహం, రక్తపోటు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి, ముఖ్యంగా పిల్లలు విదేశాల్లో స్థిరపడి ఇంట్లో ఇద్దరే మిగిలిన వృద్ధ దంపతులకు ఇది ఎంతో అవసరమైన సేవ అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఆ నమ్మకంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ సేవకు వేసే బిల్లులో ఏమేం ఉండాలో, డబ్బు తీసుకున్నవారు ఏం చేసి తీరాలో, బీమా సంస్థ ఏ ఆధారం చూసి చెల్లించాలో చెప్పే ప్రత్యేక నియమం మన దగ్గర లేదు. అది లేనందువల్ల రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండేవారికీ, పరికరం చేతిలో పెట్టి ఊరుకునేవారికీ ఒకే తరహా బిల్లు చెల్లిపోతోంది.

ఈ తేడా నా కళ్లకు ఇంత స్పష్టంగా కనబడడానికి కారణం నా ఉద్యోగం. మాదాపూర్, గచ్చిబౌలి వైపు అమెరికా ఆస్పత్రుల బిల్లులు చూసే మెడికల్ బిల్లింగ్ ఆఫీసులు ఎన్ని ఉన్నాయో ఈ నగరవాసులకు చెప్పనక్కరలేదు. అలాంటి ఒక ఆఫీసులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. అమెరికాలో వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ బీమా పథకం మెడికేర్ 2019 నుంచి ఈ సేవకు ఒక్కొక్క పనికి ఒక్కొక్క కోడు పెట్టి విడివిడిగా చెల్లిస్తోంది. పరికరం అమర్చి, వాడడం నేర్పినందుకు 99453. పరికరం ఇచ్చి, 30 రోజుల పాటు రీడింగులు అందుకున్నందుకు 99454. నెలలో కనీసం 20 నిమిషాలు రోగి కోసం వెచ్చించి, అందులో భాగంగా రోగితోనో, దగ్గరుండి చూసుకునేవారితోనో నేరుగా మాట్లాడినందుకు 99457. ఆపైన పట్టే ప్రతి 20 నిమిషాలకూ 99458. ఈ చివరిది 2020లో చేరింది.

ప్రతి కోడు వెనుకా షరతులున్నాయి. పరికరం అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిర్వచనం ప్రకారం వైద్య పరికరమై ఉండాలి. రీడింగు దానంతటదే చేరాలి. రోగి కాగితం మీద రాసుకుని ఫోనులో చదివి చెబితే చెల్లదు. 30 రోజుల్లో కనీసం 16 రోజుల రీడింగులు లేకపోతే 99454 వేయడానికి వీల్లేదు. ఎన్ని పరికరాలిచ్చినా ఆ 30 రోజులకు ఒక్కసారే, ఒక్క వైద్యుడి పేరు మీదే వేయాలి. రోగి సమ్మతి రికార్డులో ఉండాలి. సాధారణంగా బిల్లులో 20 శాతం రోగి వాటా కనుక, తన పేరు మీద ఏం బిల్లు పడిందో రోగికీ తెలుస్తుంది. ఫైలు తెరవగానే మేము ముందుగా చూసేది తేదీల పట్టిక. ఫలానా రోజు బరువు ఇంత, దాన్ని చూసిన నర్సు ఎవరు, ఏ సమయానికి చూసింది, ఎన్ని నిమిషాలు మాట్లాడింది, డాక్టరు మందు మోతాదు మార్చారా అన్నవి ఆ పట్టికలో వరుసగా ఉంటాయి. వాటిలో ఏది లోపించినా ఫైలు వెనక్కి పంపుతాము.

ఇక మన ఊరి బిల్లు సంగతి. మా అత్తగారికి గుండె పంపింగ్ తగ్గి ఒళ్లంతా నీరు చేరడంతో నగరంలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాము. వైద్యం బాగా జరిగింది, డాక్టరు మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. డిశ్చార్జి రోజున బీపీ మిషను, ఆక్సీమీటరు, బరువు మిషను ఉన్న పెట్టె ఒకటి ఇచ్చి, మా వారి ఫోనులో యాప్ వేసి పంపారు. బిల్లులో ఇందుకు రాసింది 'హోమ్ మానిటరింగ్ ప్యాకేజ్, సంఖ్య 1' అని ఒక్క వరుస, దాని ఎదురుగా మొత్తం. అందులో పరికరాల ధర ఎంతో, అవి మాకు అమ్మినవో అద్దెకిచ్చినవో, చూసే మనిషికి ఎంతో, డాక్టరు సలహాకు ఎంతో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో ఏదీ లేదు.

ఆవిడ క్రమశిక్షణ గల మనిషి. రోజూ పొద్దున్నే కాఫీ తాగకముందే మిషను ఎక్కి నిలబడేవారు. డిశ్చార్జి అయిన కొద్ది రోజులకు, ఒక శనివారం నుంచి బరువు పెరగడం మొదలైంది. ఆదివారానికి పాదాల మీద చెప్పుల పట్టీ అచ్చు లోతుగా పడి చాలాసేపటికి గానీ పోలేదు. ఆ రాత్రి వెల్లకిలా పడుకోలేక మూడు దిండ్లు ఎత్తు పెట్టుకుని కూర్చున్నారు. యాప్‌లో బరువు అంకె పక్కన ఎర్ర గుర్తు కనబడుతూనే ఉంది, ఆస్పత్రి నుంచి మాత్రం ఫోను రాలేదు. పెట్టె మీద ఉన్న నంబరుకు మేమే చేస్తే అది యాప్ తయారుచేసిన కంపెనీ వారి కస్టమర్ కేర్. రీడింగులు సక్రమంగా అందుతున్నాయండీ అని ఆ అబ్బాయి ఎంతో మర్యాదగా చెప్పాడు. సోమవారం ఓపీకి తీసుకువెళ్తే డాక్టరు నీరు పోయే మాత్ర మోతాదు పెంచారు, మళ్లీ చేరాల్సిన అవసరం రాలేదు. తర్వాత విచారిస్తే తెలిసిందేమిటంటే, రీడింగులు చూసే సిబ్బంది పనిదినాల్లో పగటిపూట మాత్రమే ఉంటారట. ఈ ముక్క మాకిచ్చిన ఏ కాగితంలోనూ లేదు, బిల్లులోనూ లేదు.

బీమా సంస్థ డిశ్చార్జి తర్వాతి ఖర్చుల కింద డాక్టరు ఫీజు, రక్త పరీక్షలు చెల్లించి, ఈ ప్యాకేజీని మాత్రం తిరస్కరించింది. అందులో పరికరం విలువ ఎంతో, వైద్య సేవ విలువ ఎంతో తెలియడం లేదని, సేవ జరిగినట్టు ఆధారం లేదని కారణం రాసింది. ఇదే వృత్తిలో ఉన్నదానిగా ఆ క్లెయిము చూసిన ఉద్యోగిని నేను తప్పుపట్టలేను. ఆ కాగితం నా బల్ల మీదికి వచ్చినా చెల్లించమని రాయడానికి నాకు ఏ ఆధారమూ దొరికేది కాదు.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే సంపాదకులకు రాసేదాన్ని కాదు. డబ్బు దేనికి కడుతున్నామన్నది ఈ సేవలో ప్రాణానికి సంబంధించిన విషయం. గుండె పంపింగ్ తగ్గే ఈ జబ్బులో, అంటే గుండె వైఫల్యంలో, ఆయాసం బయటపడకముందే ఒంట్లో చేరే నీరు బరువులో తెలుస్తుంది. అందుకే రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే వెంటనే తెలియజేయమని వైద్యులు చెబుతారు. తెలియజేస్తే వినేవారు ఉండాలి గదా. దీనిపై రెండు పెద్ద అధ్యయనాలున్నాయి. 2010లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో 1,653 మంది గుండె వైఫల్య రోగుల్లో సగం మంది తమ బరువు, లక్షణాలు రోజూ ఒక ఆటోమేటిక్ ఫోను వ్యవస్థకు చెప్పుకొన్నారు. ఆరు నెలల తర్వాత చూస్తే, తిరిగి ఆస్పత్రిలో చేరడంలో గానీ మరణాల్లో గానీ మిగతా సగానికీ వీరికీ తేడా కనబడలేదు. 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన జర్మనీ అధ్యయనంలో 1,571 మంది రోగులు పాల్గొన్నారు. అక్కడ రీడింగుల వెనుక 24 గంటలూ డాక్టర్లు, నర్సులు ఉన్న కేంద్రం పనిచేసింది, స్థానిక వైద్యుడితో మాట్లాడి మందులు మార్చే ఏర్పాటు ఉంది. ఏడాదిలో పర్యవేక్షణ పొందినవారు ఆస్పత్రి వల్లగానీ మరణం వల్లగానీ కోల్పోయిన రోజులు తక్కువ, మరణాలూ తక్కువ. రెండింటికీ వేరే తేడాలు కూడా ఉన్నాయి, ఎన్నుకున్న రోగులూ ఒకే రకం కారు. అయినా బరువు అంకె ఎక్కడికో చేరినంత మాత్రాన ప్రాణం నిలబడదనీ, ఆ అంకె చూసి ఫోను తీసే మనిషి ఉండాలనీ వీటిని చదివిన ఎవరికైనా అనిపిస్తుంది. బిల్లు కూడా ఆ మనిషి పనికే వేయాలన్నది నా వాదన.

అమెరికా పద్ధతిని యథాతథంగా తెచ్చుకోమని నేను అనడం లేదు. దాని లోపాలు రోజూ చూసేవాళ్లం మేము. 2019లో సుమారు 55 వేల మంది మెడికేర్ సభ్యులు ఈ సేవ పొందితే, 2022 నాటికి ఆ సంఖ్య 5 లక్షల 70 వేలు దాటింది. ఆ దేశ ఆరోగ్య శాఖలోని ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2024 సెప్టెంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం, వారిలో సుమారు 43 శాతం మందికి పరికరం అమర్చి నేర్పడం, పరికరం ఇవ్వడం, చికిత్స నడిపించడం అనే మూడు భాగాల్లో ఏదో ఒకటి అందనేలేదు. ఏ రకం రీడింగు తీసుకుంటున్నారో, ఏ వైద్యుడు రాశారో కూడా మెడికేర్ దగ్గర సరైన సమాచారం లేదని ఆ కార్యాలయం ఎత్తిచూపింది. అంటే కోడు ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ కోడు వెనుక జరిగిన పనిని తనిఖీ చేసే చెయ్యి కూడా ఉండాలి.

పదహారు రోజుల షరతు మరో పాఠం. రీడింగులు రాకుండానే పరికరం పేరిట నెలనెలా డబ్బు గుంజకుండా ఆపడానికి అది పనికొచ్చింది, నిజమే. కానీ కొత్త బీపీ మందు మొదలుపెట్టి పది రోజులు గమనిస్తే చాలనుకున్న డాక్టరుకు పరికరం, రీడింగుల కింద ఒక్క డాలరూ వచ్చేది కాదు. పదహారో రోజు రీడింగు కోసం రోగి వెంటపడే కంపెనీకి పూర్తి సొమ్ము వచ్చేది. రోజుల లెక్క వైద్య అవసరాన్ని అనుసరించడం మానేసి, వైద్యమే రోజుల లెక్కను అనుసరించసాగింది. చివరికి 2026 జనవరి నుంచి 2 నుంచి 15 రోజుల రీడింగులకు 99445 అనీ, మొదటి 10 నిమిషాల పనికి 99470 అనీ కొత్త కోడ్లు చేర్చి సరిదిద్దుకున్నారు. వారికి ఏడేళ్లు పట్టిన ఈ దిద్దుబాటును మనం మొదటి రోజునుంచే నియమంలో పెట్టుకోవచ్చు. ఎన్ని రోజులు గమనించాలో డాక్టరు డిశ్చార్జి సమ్మరీలో రాయాలి, బిల్లు ఆ రోజులకే ఉండాలి.

మన దగ్గర ఏమీ లేదనడం కూడా అన్యాయమే అవుతుంది. కోవిడ్ మొదలైన రోజుల్లో, 2020 మార్చి 25న, కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఫోనులోనో వీడియోలోనో చూసే డాక్టరు తగిన ఫీజు తీసుకోవచ్చని, దానికి రసీదు ఇవ్వాలని అందులో ఉంది. కృత్రిమ మేధ మీద నడిచే యాప్ తనంతట తాను రోగికి సలహా చెప్పడానికి గానీ మందు రాయడానికి గానీ వీల్లేదని కూడా ఉంది. ఇవి మంచి పునాదులు. అయితే ఆ మార్గదర్శకాలు ఊహించుకున్నది ఒక రోగి, ఒక డాక్టరు, ఒక సంప్రదింపు. డాక్టరు ఎదురుగా లేని ఇరవై మూడున్నర గంటల్లో వచ్చే రీడింగు ఎవరి బాధ్యత, నర్సు దాన్ని చూసి చెప్పే మాటకు రుసుము ఏమిటి, ఎర్ర గుర్తు కనబడ్డాక ఎంతసేపట్లో స్పందించాలి అన్నవి వాటి పరిధిలోకి రాలేదు. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో కొత్త వృత్తి నియమావళిని నోటిఫై చేసి అదే నెలలో నిలిపివేసింది. ఇప్పుడు దాన్ని మళ్లీ రాసేటప్పుడైనా ఈ సేవకు ఒక అధ్యాయం కేటాయించాలి.

వైద్యుల వైపు నుంచి కూడా చెప్పవలసింది ఉంది. మన నగరంలో వీధి చివర క్లినిక్ నడిపే డాక్టరు గారి ఫోను తెరిచి చూస్తే రాత్రి పదకొండింటికి కూడా వాట్సాప్‌లో బీపీ పుస్తకం ఫోటోలు, గ్లూకోమీటరు ఫోటోలు వస్తూ ఉంటాయి. 'సార్, ఈ మాత్ర ఆపమంటారా?' అని కింద ఒక వాక్యం. ఆయన అవన్నీ చూస్తారు, జవాబిస్తారు, పైసా తీసుకోరు. అదీ ఇంటి వద్ద రోగి పర్యవేక్షణే, పైగా చాలా సందర్భాల్లో ప్యాకేజీ కన్నా మేలైన పర్యవేక్షణ. కానీ దానికి రికార్డు లేదు, రుసుము లేదు, తేడా వస్తే ఆయనకు రక్షణా లేదు. ఆ పనికి న్యాయమైన ఫీజు తీసుకునే దారి చూపించకపోతే, ఈ సేవ పెద్ద ఆస్పత్రుల, యాప్ కంపెనీల చేతుల్లోకే పోతుంది. నేను కోరే నియమం రోగిని ఎంత కాపాడుతుందో, నిజాయతీగా చూసే డాక్టరునీ నర్సునీ అంతే కాపాడాలి.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది. ఆ సంస్థకు ఈ విషయం కొత్తది కాదు. 2020 జూన్‌లో, పాలసీలో డాక్టరు సంప్రదింపు ఖర్చు ఉంటే టెలిమెడిసిన్ సంప్రదింపును కూడా అనుమతించమని బీమా సంస్థలకు చెప్పింది. ఆ వెంటనే జులైలో వచ్చిన కరోనా కవచ్ పాలసీలో ఇంటి వద్ద చికిత్సకు 14 రోజుల వరకు చెల్లింపు ఉండేది. పల్స్ ఆక్సీమీటరు, ఆక్సిజన్ సిలిండరు, నెబ్యులైజరు ఖర్చు అందులో భాగం. దానికి పెట్టిన షరతులు ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఇంట్లో చికిత్స పొందమని డాక్టరు సలహా ఇచ్చి ఉండాలి, ప్రతి రోజూ వైద్యుడి పర్యవేక్షణ ఉండాలి, చికిత్స వివరాలతో రోజువారీ చార్టు నిర్వహించి దానిపై డాక్టరు సంతకం చేయాలి. నేను ఆఫీసులో చూసే పట్టికకూ ఈ చార్టుకూ సారంలో భేదం లేదు. మహమ్మారి వేళ కొద్ది వారాల్లో తయారుచేసుకోగలిగిన ఈ పద్ధతిని గుండె వైఫల్యానికి, డిశ్చార్జి తర్వాతి మొదటి నెలకు ఎందుకు వర్తింపజేయకూడదు? క్యాష్‌లెస్ అభ్యర్థనపై గంటలోపు, డిశ్చార్జి అనుమతిపై మూడు గంటల్లోపు తేల్చాలని 2024 మే నెలలో బీమా సంస్థలను గడియారానికి కట్టిన నియంత్రణ సంస్థే, ఇంటి వద్ద పర్యవేక్షణ బిల్లుకు ఒక నమూనా ఫారం ఇవ్వగలదు. ఆ ఫారం ఉంటే ఆస్పత్రి ఏం రాయాలో ఆస్పత్రికి, ఏం చూసి చెల్లించాలో బీమా సంస్థ తరఫున క్లెయిములు చూసే టీపీఏకు, ఏం అడగాలో రోగి బంధువులకు తెలుస్తుంది. బీమా సంస్థలకు నష్టమని ఎవరైనా అంటే, ఒక్కసారి ఐసీయూలో తిరిగి చేరితే అయ్యే బిల్లుతో ఒక నెల పర్యవేక్షణ రుసుమును పోల్చి చూసుకోమని నా మనవి.

ఆ ఫారంలో ఏముండాలో నా అనుభవం మేరకు చెబుతాను. పరికరం అమ్మకమా, అద్దెనా, డిపాజిట్టు తిరిగి ఇచ్చేదా అన్నది ఒక వరుస. అమర్చి నేర్పినందుకు ఒక్కసారి రుసుము ఇంకో వరుస. పర్యవేక్షణ రుసుము తేదీలతో, రీడింగులు వచ్చిన రోజులతో, చూసినవారి పేరు, హోదాతో వేరే వరుస. డాక్టరు సంప్రదింపు ఎన్నిసార్లు జరిగిందో ఆ తేదీలతో మరో వరుస. పరికరం పాడై రీడింగులు రాని రోజులకు, ఎర్ర గుర్తు వచ్చినా ఎవరూ పలకని రోజులకు పర్యవేక్షణ రుసుము వేయకూడదు. వీటన్నిటికన్నా ముందు, డబ్బు కట్టించుకోకముందే రోగికి ఒక కాగితం ఇవ్వాలి. ఏ అంకె దాటితే హెచ్చరికగా భావిస్తారో, ఏ వేళల్లో మనిషి ఉంటాడో, ఆ వేళలు కాకపోతే ఎవరికి ఫోను చేయాలో, ఎప్పుడు ఎవరికోసమూ ఆగకుండా 108కి చేయాలో అందులో తెలుగులో, ఉర్దూలో, పెద్ద అక్షరాలతో ఉండాలి. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012లో వచ్చిన కేంద్ర నియమాలు ఆస్పత్రి రేట్లను స్థానిక భాషలోనూ, ఇంగ్లిషులోనూ అందరికీ కనబడేలా ప్రదర్శించమంటున్నాయి. ఆ రేట్ల పట్టికలో ఈ సేవను కూడా చేర్చడం కష్టమైన పనేమీ కాదు. పగటిపూట మాత్రమే చూస్తామని చెప్పి తక్కువ తీసుకునే ఆస్పత్రిని నేను తప్పుపట్టను. ఆ సంగతి చెప్పకుండా తీసుకోవడమే తప్పు.

పరికరాల ధర విషయంలో ప్రభుత్వం ఇప్పటికే ఒక అడుగు వేసింది. 2021 జులైలో పల్స్ ఆక్సీమీటరు, గ్లూకోమీటరు, బీపీ మిషను, నెబ్యులైజరు, డిజిటల్ థర్మామీటరు మీద వ్యాపారుల మార్జిన్‌కు 70 శాతం పరిమితి పెట్టింది. ప్యాకేజీ పేరిట అన్నీ కలిపి ఒకే అంకె వేస్తే, అలాంటి పరిమితి ఉన్నా ఉపయోగం లేదు, అందులో పరికరం వాటా ఎంతో ఎవరికీ తెలియదు గనుక. మరో మాట. ఈ ప్యాకేజీలు కొన్ని నెల తిరగగానే కార్డు నుంచి వాటంతటవే డబ్బు తీసుకుంటాయి. అలా తీసుకునే ముందు కనీసం 24 గంటల నోటీసు ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. వదిలించుకోవడం కష్టమయ్యేలా చందా పెట్టడాన్ని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులోనే మోసపూరిత పద్ధతుల జాబితాలో చేర్చింది. రోగి కోలుకున్నాక, లేదా కన్నుమూసిన తర్వాత కూడా ఇంటివారు చందా రద్దు చేయించడానికి తిరగవలసిన పరిస్థితి ఎక్కడా ఉండకూడదు. రీడింగుల గోప్యత సంగతి 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం, 2025 నవంబరులో వచ్చిన దాని నియమాలు చూసుకుంటాయని ఆశిద్దాం. ఆ రీడింగులు ఎవరి సర్వరులో ఎన్నాళ్లు ఉంటాయో సమ్మతి పత్రంలో రాయించుకోవడం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.

నియమం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదని పాఠకులకు మనవి చేస్తున్నాను. బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది. డిశ్చార్జి రోజునే బిల్లింగ్ కౌంటరు దగ్గర ప్యాకేజీని విడగొట్టి రాసివ్వమని అడగండి, రీడింగుల పట్టికను, ఫోను చేసిన తేదీలను నెలాఖరున తీసుకుని దాచుకోండి. ఇవి జతచేసి పంపిన క్లెయిమును తిరస్కరించడం బీమా సంస్థకు అంత తేలిక కాదు. తిరస్కరిస్తే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలలోపు న్యాయం జరగకపోతే లక్డీకాపూల్ వద్ద ఉన్న బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి వెళ్లవచ్చు. అక్కడ లాయరు అక్కరలేదు, ఫీజు లేదు.

చివరగా రాష్ట్ర ప్రభుత్వానికి ఒక విన్నపం. ఇంతవరకూ నేను చెప్పింది ప్రైవేటు బీమా కట్టగలిగినవారి గురించి. గుండె జబ్బుతో నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల్లో చేరి, బస్సుకు దారి ఖర్చులు చూసుకుని మళ్లీ చూపించుకోవడానికి వచ్చే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల రోగికి ఈ సేవ అందరికన్నా ఎక్కువ అవసరం. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు, అది హర్షణీయం. ఆ పరిమితిలో చాలా భాగం ఆస్పత్రిలో చేరినప్పుడు చేసే చికిత్సకే పోతుంది. ఆయుష్మాన్ భారత్ కింద కూడా డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చులకే చెల్లింపు ఉంది. కొన్ని నిర్దేశిత చికిత్సలకు డిశ్చార్జి తర్వాత కూడా మందులు, పరీక్షలు ఇచ్చే ఫాలో అప్ ప్యాకేజీల అనుభవం ఆరోగ్యశ్రీకి ఉంది. అదే కోవలో గుండె వైఫల్య రోగులకు మూడు నెలల పర్యవేక్షణ ప్యాకేజీని ఈ మూడు ఆస్పత్రుల్లో మొదలుపెట్టి, పరికరం అద్దెకు వేరుగా, రోజూ చూసే నర్సు పనికి వేరుగా చెల్లించి, ఊళ్లో ఉన్న ఆశా కార్యకర్తకు కూడా ఆ పనిలో భాగం, పారితోషికం రెండూ ఇచ్చి చూడాలి. ఏడాది తర్వాత ఎందరు తిరిగి ఆస్పత్రిలో చేరారో, ఒక్కొక్కరికి ఎంత ఖర్చయిందో ఆ లెక్కను ఆరోగ్యశ్రీ ట్రస్టు ప్రజల ముందు పెట్టాలని, దాని ఆధారంగానే మిగతా జిల్లాల సంగతి నిర్ణయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మెడికల్ బిల్లింగ్ ఉద్యోగిని,
కూకట్‌పల్లి, హైదరాబాద్